గాలినడిగి గీసిన ఇల్లు

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. ఇద్దరమ్మాయిల పెళ్లిళ్లు చేసి చూశాను. ఇల్లు మాత్రం కట్టి చూడలేదు. బ్యాంకు ఉద్యోగంలో ముప్ఫయి అయిదేళ్లు ఊరూరా అద్దె వాటాల్లో కాపురం చేసి, ఆఖరి బదిలీ మీద వికారాబాదు వచ్చి, అనంతగిరి గాలి ఒంటికి పడటంతో అక్కడే ఒక పాత ఇల్లు కొనుక్కుని వుండిపోయాను. ఇక ఈ జన్మకు మేస్త్రీలతో పని లేదని హాయిగా వున్న సమయంలో, ఒకనాటి ఉదయం కాఫీ గ్లాసు చేతికిస్తూ మా ఆవిడ అన్నది:

“ఏమండీ, నాన్న నా పేర రాసిన స్థలంలో చిన్న ఇల్లు కట్టుకుందామండీ!”

ఆ స్థలం వికారాబాదులో కాదు, కనీసం హైదరాబాదులో కాదు. దివిసీమలో, హంసలదీవికి పోయే దారిలో, సముద్రపు టొడ్డున. దాని సంగతి ఆవిడ నోట రావటం నాకు ఆశ్చర్యం. ఎందుకంటే 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన నాటికి ఆవిడకు ఏడేళ్లు. ఆ రాత్రి వేలాది మందితో పాటు వాళ్ల నాయనమ్మ కూడా పోయింది. మా పెళ్లయిన తర్వాత ఆవిడ ఆ రాత్రి గురించి నాతో మాట్లాడింది రెండు సార్లో మూడు సార్లో.

“అక్కడ ఎందుకు?” అన్నాను.

“భయపడి వచ్చేశాం. భయపడకుండా నాలుగు రోజులు వుండాలని వుంది” అన్నది.

దీనికి జవాబు చెప్పగల మగవాడు ఎవరైనా వుంటే నాకు తెలియజేయ ప్రార్థన!

రెండు ప్లానులు

వార్త బెజవాడలో వున్న మా బావమరిదికి చేరింది. అతను మూడో రోజుకే ఒక ప్లాను పంపించాడు. రెండంతస్తుల డాబా, సముద్రం వైపు గోడంతా అద్దం, మీద వాలు లేని స్లాబు. “బావగారూ, మంచం మీద పడుకుని అలలు చూడవచ్చు” అని రాశాడు.

నేనేమీ తక్కువ తినలేదు. నా ప్లాను నేను గీశాను. మా ప్రాంతం తాండూరు బండకు పుట్టినిల్లు. నీలం, పసుపు రంగుల సున్నపురాయి అది. పొరలు పొరలుగా, పలకలుగా వూడివస్తుంది. వేసవిలో దాని మీద చాప లేకుండా పడుకుంటే ఆ సుఖం వేరు. కాబట్టి రెండడుగుల మందం రాతి గోడలూ, తాండూరు బండ పరిచిన గచ్చూ. వికారాబాదులో చల్లగా వుండే ఇల్లు దివిసీమలో మాత్రం చల్లగా ఎందుకుండదు?

రెండు కాగితాలూ మా ఆవిడ ముందు పెట్టాను. చూసి పక్కన పెట్టింది.

“ఒకటి కొట్టుకుపోతుంది. రెండోది వుడికిపోతుంది. ఆ గిజిగాడికున్నపాటి తెలివి మీ ఇద్దరికీ లేదండీ” అన్నది.

మాట పడ్డాను. పడ్డవాడు చెడ్డవాడు కాడంటారు గనుక, మర్నాడు పొద్దున్నే గిజిగాడి దగ్గర ట్యూషనుకు బయలుదేరాను.

అనంతగిరి పాఠాలు

వికారాబాదు నుంచి అయిదారు కిలోమీటర్లు పోతే అనంతగిరి. అనంతపద్మనాభస్వామి కొలువున్న కొండ. గాలి మంచిదని నిజాం కాలంలో క్షయరోగులకు ఆసుపత్రి పెట్టిన చోటు. మూసీనది పుట్టేది ఇక్కడే. కొండ దిగువన వున్న శివాలయాన్ని బుగ్గ రామలింగేశ్వరాలయం అంటారు. బుగ్గ అంటే నీటి ఊట.

మొదటి పాఠం ఆ బుగ్గ చెప్పింది. ఈ కొండ నెత్తి మీద యెర్రని మొరం రాయి వుంది. లోపలంతా చిల్లులు. వానాకాలంలో పడిన నీటిని స్పాంజిలాగా పీల్చుకుంటుంది. కింద గట్టి నల్లరాయి తగిలేసరికి నీరు దిగటానికి దారి లేక పక్కలకు ఊటగా వస్తుంది. అంటే కొండ తన నెత్తి మీద పడిన వానను పారబోయకుండా దాచుకుని, తర్వాత కొంచెం కొంచెంగా వాడుకుంటున్నదన్నమాట. సముద్రపు టొడ్డున బావి తవ్వితే చాలా చోట్ల ఉప్పునీళ్లే. అక్కడ కట్టే ఇంటికి కప్పే బుగ్గ కావాలి.

రెండో పాఠం చెదపుట్ట. మనం పుట్టను చూస్తే పాము గుర్తొచ్చి దణ్ణం పెట్టి తప్పుకుంటాం. శాస్త్రజ్ఞులు తప్పుకోలేదు. బెంగుళూరులోని పుట్టలనే కొందరు పరిశీలించి, 2015లో ఫలితాలు ప్రకటించారు. పగలు పుట్ట వెలుపలి పలుచని అంచులు తొందరగా వేడెక్కుతాయి. అక్కడి గాలి పైకి లేస్తుంది, నడుమ గాలి కిందికి దిగుతుంది. రాత్రి అంచులు ముందుగా చల్లబడి, గాలి ఎదురు తిరుగుతుంది. ఫంకా లేకుండా, కరెంటు లేకుండా పుట్ట రోజుకొకసారి వూపిరి పీల్చి విడుస్తుంది! ఆఫ్రికాలో జింబాబ్వే రాజధాని హరారేలో మిక్ పియర్స్ అనే వాస్తుశిల్పి చెదపుట్టలను చూసి నేర్చుకుని ఒక పెద్ద భవనం గీశాడు. 1996లో పూర్తయింది. రాత్రి చల్లగాలిని లోపలికి లాగి, బరువైన గోడలను చల్లబరిచి, ఆ చలువను పగలు వాడుకుంటుంది.

ఇది చదివి నేను గంతులు వేశాను. చూశావా, బరువైన గోడలు! నా రాతి గోడల ప్లానే సరైనదని మా ఆవిడకు చెప్పాను.

“అక్కడ రాత్రి చలి వేస్తుందా?” అని అడిగింది.

“వేస్తుందనుకుంటాను.”

“దివిసీమలో మే నెల రాత్రి చలి వేస్తుందా?”

నేను నోరు మూసుకున్నాను. కిటుకంతా అక్కడే వుంది. అనంతగిరిలో పగటికీ రాత్రికీ వేడిలో చాలా తేడా. మందపు గోడ పగటి వేడిని రాత్రికి వాయిదా వేస్తుంది. రాత్రి చల్లగాలి దానిని కడిగేస్తుంది. సముద్రతీరంలో ఆ తేడా తక్కువ, గాలిలో చెమ్మ ఎక్కువ. అక్కడ ఒంటిని చల్లబరిచేది గోడ కాదు, ఒంటికి తగిలే గాలి. నా రాతి ఇల్లు అక్కడ నిజంగానే వుడికిపోయేది. పుట్ట దగ్గర నేర్చుకోవలసింది దాని మందం కాదు, వేడి గాలికి నడినెత్తిన దారి ఇవ్వటం.

మూడో పాఠం గిజిగాడిది. చెరువు గట్టు మీది తాటిచెట్టుకు పది పదిహేను గూళ్లు వేలాడుతున్నాయి. చాలావరకు తూర్పు వైపునే. నైరుతి నుంచి వచ్చే వానగాలికి చెట్టు అడ్డుగా వుంటుందని. వాకిలి కిందికి. గూట్లో ఒక్క మేకు లేదు, ఒక్క గోడ లేదు. ప్రతి పోచా మరో పోచను పట్టుకుని వుంది. గాలి వీస్తే గూడు వూగుతుంది గాని వూడదు.

ఇది తుపాను ఇంటికి తారకమంత్రం. గాలి కప్పును కిందికి నొక్కి పడగొడుతుందని మనం అనుకుంటాం. నిజానికి ఎక్కువసార్లు పైకి లేపి పట్టుకుపోతుంది, గొడుగును వెనక్కి తిప్పినట్లుగా. కాబట్టి కప్పును వాసానికి, వాసాన్ని గోడమీది దూలానికి, దూలాన్ని గోడకు, గోడను పునాదికి కట్టివేయాలి. ఈ గొలుసులో ఒక్క లంకె లేకపోయినా తక్కినవన్నీ దండగ.

ఆ గట్టు మీదనే మా మేస్త్రి కలిశాడు. మా పాత ఇంటికి మరమ్మతులు చేసిన మనిషి, మూడు తరాల రాతిపని వాళ్లది. సంగతి చెప్పి, తాండూరు బండ లారీలో దివిసీమకు తోలించటానికి ఎంతవుతుందని అడిగాను. నవ్వాడు.

“బండ నీళ్ల మీద తేలదు సారూ. కిరాయికే సగం పైసలు పోతయి. ఈడి రాయి ఈడి ఇంటికి. ఆడ మన్నేందో, కట్టెేందో ఆడికి పోయి చూడుండ్రి. ఇల్లు కట్టేటోడు ముందుగాల ఆ ఊరి ముసలోళ్లను అడగాలె.”

ఊరి ముసలివాళ్లంటే నాకు మా అత్తగారున్నారు.

దివిసీమలో

అనంతగిరి బుగ్గలో పుట్టిన నీరు మూసీగా హైదరాబాదు మీదుగా పోయి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ ఒక పాయ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే మా ఆవిడ పుట్టింటికి మా కొండ నుంచి నీటిదారి వున్నదన్నమాట. ఈ మాట రైల్లో చెబితే ఆవిడ, “ఆ నీళ్లు తక్కువ చేశాయా? 1908లో హైదరాబాదును ముంచింది ఆ మూసీయే కదా!” అన్నది. నిజమే. ఆ వరదలో వేలమంది పోయారు. గండిపేట చెరువు ఆ తర్వాతనే, 1920లో పూర్తయింది. నీరు ఎక్కడ పుట్టినా దాని దారి దానికి వదలాలి.

మా అత్తగారికి ఎనభయి అయిదు దాటాయి. వసారాలో కూర్చుని నా ప్రశ్నలన్నీ విన్నారు.

“అల్లుడుగారూ, ఆ రాత్రి మా ఆడబిడ్డ తాటాకు కప్పు పట్టుకుని తేలింది. తెల్లారి ఎక్కడో తుమ్మచెట్టుకు తట్టుకుంటే దింపారు. ఇంటి కప్పు తేలికగా వుండబట్టి బతికింది. వెనకటికి పెద్దలు చుట్టిళ్లు ఎందుకు కట్టుకున్నారో మాకూ తెలియదు. తర్వాత తెలిసింది” అన్నారు.

చుట్టిల్లు మన కోస్తా వాళ్లకు కొత్త కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం పల్లెల్లో ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. గుండ్రని మట్టిగోడ, శంఖువులాంటి తాటాకు కప్పు, చూరు దాదాపు నేలకు దిగి, వంగి లోపలికి పోవాలి. మనం దానిని పేదరికం అనుకున్నాం. అది తెలివి. తుపాను కన్ను మీదుగా దాటిపోతే, అంతవరకు ఒక దిక్కు నుంచి కొట్టిన గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. గిజిగాడికి ఒక్క నైరుతి గాలితోనే పేచీ. తీరం మీది ఇంటికి ఎనిమిది దిక్కులతోనూ పేచీ. గుండ్రని ఇంటికి ముఖమంటూ లేదు గనుక, ఎటు నుంచి వచ్చినా గాలి పక్కలకు జారిపోతుంది. గుజరాతులోని కచ్‌లో భుంగా అనే గుండ్రని మట్టి ఇళ్లున్నాయి. 2001 జనవరి 26 నాటి భూకంపంలో చుట్టూ ఎన్నో కట్టడాలు కూలినా అవి చాలా మటుకు నిలబడ్డాయి. మూలలు లేని గోడకు బలహీనమైన చోటు తక్కువ.

మర్నాడు మా బావమరిది ఊళ్లో ఒక డాబా చూపించటానికి తీసుకుపోయాడు, తన ప్లానుకు నమూనాగా. కట్టి పదిహేనేళ్లయిందట. స్లాబు పెచ్చులూడి లోపలి చువ్వలు ఎర్రగా కనిపిస్తున్నాయి. ఉప్పుగాలి సిమెంటు సందుల్లోంచి ఇనుమును చేరుతుంది. ఇనుము తుప్పు పడితే వుబ్బుతుంది. వుబ్బి చుట్టూ వున్న కాంక్రీటును పగులగొడుతుంది. సముద్రపు ఇసుక వాడితే ఉప్పును మనమే దగ్గరుండి లోపల పెట్టినట్లు. మా బావమరిది చాలాసేపు తలెత్తి చూసి, “బావగారూ, అద్దాల గోడ మాట కూడా మరిచిపొండి” అన్నాడు. మంచివాడు.

మా ఇల్లు

అప్పటి నుంచి ముగ్గురమూ వసారాలో కాగితాలు పరుచుకున్నాం. నేను గుండ్రటి ఇల్లు గీశాను. మా ఆవిడ మొదటి ప్రశ్న:

“బీరువా ఎక్కడ పెడతారు?”

చుట్టిల్లు కట్టిన మహానుభావులకు బీరువాలు లేవు! చివరకు రాజీ కుదిరింది: ఎనిమిది పలకల ఇల్లు. ఎదురెదురు గోడల నడుమ ఇరవై అడుగులు. ఒక్కొక్క పలక ఎనిమిదడుగుల పైచిల్లర. లోపలి వైశాల్యం సుమారు 331 చదరపు అడుగులు. గోడల చుట్టుకొలత 66 అడుగులు. అదే వైశాల్యానికి చదరపు ఇల్లు కడితే దాదాపు 73 అడుగుల గోడ కావాలి. గాలికి మొగ్గూ, ఇటుకకు పొదుపూ. బీరువా ఒక పలకకు ఆనుకుని హాయిగా నిలబడుతుంది.

పునాదికి కూడా ప్రకృతిలోనే నమూనా దొరికింది. దివిసీమలో మా పెరటి మట్టి బంకమన్ను. వానకు వుబ్బి, ఎండకు నెర్రెలు విడుస్తుంది. ఇలాంటి నేలకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఎప్పుడో ఉపాయం చెప్పారు. నేలలోకి సన్నని గుంటలు దింపి, అడుగున ఉల్లిగడ్డలాగా లావు చేసి, స్తంభం పోయటం. పైమన్ను ఎంత ఆడినా అడుగుగడ్డ పట్టు వదలదు. గాలి పైకి లాగినా వూడిరాదు. దాని మీద మూడడుగుల ఎత్తు అరుగు.

గోడలు స్థానిక ఇటుకతో, నడుమ ఖాళీ వుండేట్లు పేర్చేవి. కేరళలో స్థిరపడిన లారీ బేకర్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి (1917–2007) ఈ పద్ధతిని మన దేశంలో బాగా ప్రచారం చేశాడు. ఇటుక దాదాపు నాలుగో వంతు కలిసివస్తుంది. లోపలి ఖాళీ వేడిని ఆపుతుంది. మూలల్లో మాత్రం ఆ ఖాళీలో చువ్వ దింపి గట్టిగా పూడ్చాలి. ఆ చువ్వ చుట్టూ కాంక్రీటు మందంగా, మంచినీటి ఇసుకతో వుండాలి.

గుమ్మాల మీదికి కమాను ఎలా గీయాలా అని ఆలోచిస్తుంటే మా ఆవిడ మెడలోని గొలుసు తీసి ఇచ్చింది, నేను అడిగితేనే లెండి. రెండు చివరలూ పట్టుకుని వేలాడదీస్తే తన బరువుకు తాను ఒక వంపు తిరుగుతుంది. ఆ వంపును కాగితం మీద గీసి తలకిందులు చేస్తే అదే కమాను! వేలాడే గొలుసులో అంతా లాగుడే. తలకిందులైతే అంతా నొక్కుడే. ఇటుకకు నొక్కుడంటే భయం లేదు. స్పెయిన్ దేశంలో గౌడీ అనే మహాశిల్పి గొలుసులూ తాళ్లూ వేలాడదీసి చర్చి గోపురాలకు రూపాలు వెదికాడు. మేము వంటింటి గుమ్మానికి వెదికాం.

కప్పు ఎనిమిది వాలులతో, నిటారుగా, పెంకులతో. ప్రతి పెంకూ తీగెతో కట్టాలి. చూరు రెండడుగులకు మించరాదు. ఎక్కువైతే గాలికి పట్టు దొరుకుతుంది. వసారా కప్పు వేరు, ఇంటి కప్పు వేరు. తుపానుకు వసారా పోతే పోనీ, ఇంటి కప్పును వెంట లాక్కుపోరాదు. నడినెత్తిన చెదపుట్ట నేర్పిన గాలిగూడు, తుపానుకు మూసే తలుపుతో. కిటికీలు కింద, ఎదురెదురుగా.

ఇక కప్పు మీది బుగ్గ. చూరుతో కలిపి సుమారు 44 చదరపు మీటర్ల కప్పు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడినా, వృథా పోగా మూడు వంతులు పట్టుకుంటే 33 వేల లీటర్లు. మాకిద్దరికీ తాగటానికీ, వంటకూ రోజుకు 20 లీటర్లంటే ఏడాదికి 7,300. మొదటి వాన వదిలేసి పట్టుకుంటే చాలు.

స్థలం మాట

అన్నీ తేలాయి గాని, అసలు సంగతి మిగిలింది. సర్వేయరు వచ్చి గొలుసు వేస్తే, మా ఆవిడ స్థలం చాలా భాగం సముద్రపు పోటుగీతకు 200 మీటర్లలోపే వుందని తేలింది. తీరం కాపాడటానికి కేంద్ర ప్రభుత్వం 1991లో మొదటిసారి నియమాలు పెట్టింది. 2019 నాటి కొత్త నియమాల ప్రకారం కూడా, జనం పలచగా వున్న పల్లె తీరాల్లో ఆ గీత లోపల కొత్త ఇల్లు కట్టరాదు.

నేను చెప్పటానికి సందేహిస్తుంటే ఆవిడే అన్నది: “చట్టం చెప్పకపోయినా నాకు తెలుసులెండి. ఆ రాత్రి నీళ్లు తాటిచెట్ల మధ్య ఎంత ఎత్తున వచ్చాయో చూశాను. మీ మూడడుగుల అరుగు దానికి ఏమూలకు?”

నిజం. గాలికి ఇల్లు నిలబడుతుంది. ఉప్పెనకు ఏ చిన్న ఇల్లూ నిలబడదు. అంతటి నీటి ముందు ఇంటి తెలివికన్నా ఇంటివారి తెలివి ముఖ్యం. ఎప్పుడు తాళం వేసి, ఎటు నడవాలో ముందే తెలిసివుండాలి. 1977 తర్వాత తీరం వెంబడి తుపాను రక్షిత భవనాలు కట్టింది అందుకే.

మా అత్తగారే దారి చూపించారు. ఊళ్లో వాళ్ల పాత పెరడు వుంది. సముద్రానికి మూడు కిలోమీటర్లు లోపలికి. తుపాను రక్షిత భవనం పక్క వీధిలోనే. “అక్కడి నుంచి సముద్రం కనబడదమ్మా” అన్నారు కూతురితో.

“వినబడుతుందా?”

“రాత్రిపూట వినబడుతుంది.”

“అయితే చాలు” అన్నది మా ఆవిడ.

ఒడ్డు స్థలంలో సరుగుడు మొక్కలు పెట్టించటానికి మా బావమరిది ఒప్పుకున్నాడు. పెరట్లో ఎనిమిది పలకలకూ ముగ్గు పోశాం. సంక్రాంతి వెళ్లగానే శంకుస్థాపన.

వికారాబాదు తిరిగివచ్చి మేస్త్రికి ప్లాను చూపించాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మన బండ ఒక్కటన్న లేదా సారూ?”

“ఒక్కటి వుంది” అన్నాను. “గడప ముందు కాళ్లు కడుక్కునే చోట.”

అతను ఒక నీలం పలక ఏరి, అంచులు చెక్కి పెట్టాడు. డబ్బు పుచ్చుకోలేదు. దాన్ని మా ఆవిడ పాత చీరలో చుట్టి, మంచం కింద పెట్టింది, దివిసీమ ప్రయాణానికి.